గదికన్నా ముందు ఒక రిజిస్టరు

లత్తేరి రైల్వేస్టేషనుకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. అక్కడ రిటైరైన అయివారు ఒకాయన ఉండేవారు. ఎద్దులు అమ్మేశాక ఖాళీ పడిన కొట్టానికి సున్నం కొట్టించి, అందులో పాత సామాన్లు పేర్చిపెట్టారు. మడక, కాడిమాను, కపిల తోలిన రోజుల నాటి గిలక, ఇసుర్రాయి, పడి, అరపడి, ఇత్తడి చెంబులు, గుడియాత్తంలో ఎవరో గుంతమగ్గం తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్న నాడెలు, ఒక పెట్టె నిండా పాత కాగితాలు. గోడ మీద ఒక పక్క తెలుగులో, ఒక పక్క తమిళంలో ‘పాతకాలపు వస్తువుల ఇల్లు’ అని నీలం రంగుతో రాయించారు.

రిపోర్టరు పనిలో చేరిన కొత్తల్లో నేను ఆయన ఫోటో తీసి ఒక వార్త రాశాను. ‘భావితరాల కోసం’ అనే మాట ఇట్లాంటి వార్తల్లో మేం తప్పకుండా వాడతాం. నేనూ వాడాను. ఆ రోజు అడగాల్సిన ప్రశ్న ఒకటి మాత్రం అడగలేదు. ఇవన్నీ ఎవరివి సార్ అని.

అయివారు పోయారు. కర్మంతరం అయిన వారానికే పక్కింటి వాళ్ళు వచ్చి, ‘ఆ చెంబు మా జేజిది. చూసేదానికి ఇచ్చినాం, ఉంచుకోమని కాదు’ అన్నారు. ఇంకో ఇంటి వాళ్ళు అదే చెంబు తమదన్నారు. దాని మీద పేరు చెక్కించి ఉండేది గానీ, ఏళ్ళ తరబడి చింతపండు పెట్టి తోమీ తోమీ అక్షరాలు అరిగిపోయాయి. రెండిళ్ళ మధ్యా మాటలు పోయాయి. బెంగళూరులో పనిచేసే కొడుక్కి ఈ పంచాయితీ తల నొప్పి తెచ్చింది. ఇనుము, ఇత్తడి తూకానికి వేసేశాడు. ఆయన్ని తప్పు పట్టను. ఏది ఎవరిదో చెప్పే చీటీ ఒకటన్నా దొరికుంటే అట్లా చేసేవాడు కాడు. కాగితాల పెట్టె భోగి రోజు మంటలో పడింది. ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఎవరూ లేరు, చెదలు పట్టిన కాగితాలు ఎందుకని వేసేశారట. ఆ కాగితాల్లో ఏముండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, అదే చుట్టుపక్కల నలుగురు కుర్రాళ్ళు ఈమధ్య నా దగ్గరికి వచ్చారు. ‘అన్నా, మేం ఒక మ్యూజియం పెడతా ఉండాం. ఓపెనింగుకు ఎమ్మెల్యేని పిలుస్తాం. నువ్వు వార్త రాయాల’ అన్నారు. చేతిలో ఎస్టిమేటు కాగితం కూడా ఉంది. షెడ్డు రేకులు, టైల్సు, రెండు గాజు బీరువాలు, శిలాఫలకం, ఆ రోజు భోజనాలు. అంతా చదివాను. రెండో ఏడాది కరెంటు బిల్లు మాత్రం అందులో లేదు.

వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని నాకు లేదు. ఆ పని చెయ్యాల్సిందే. వేలూరు కోటలో ప్రభుత్వ మ్యూజియం ఉంది, కేంద్ర పురావస్తు శాఖదీ ఒకటి ఉంది. శిల్పాలకు, నాణేలకు, వీరగల్లులకు ఆ జాగా సరిపోతుంది. ఆ కోట బొమ్మినాయకులది, తర్వాత అరవీడు రాజులు రాజధాని చేసుకున్నది, 1806 జులైలో సిపాయిలు తిరగబడింది. అంటే అక్కడ చెప్పుకునేది రాజుల కథ, సైన్యాల కథ. మన జేజి ఇసుర్రాయి ముందు కూర్చుని ఏం పాడిందో, లుంగీ నేసే ఇంట్లో కండెలు చుట్టింది ఎవరో ఆ గాజు బీరువాల్లోకి రాదు. రావాలని అడగడం కూడా న్యాయం కాదు. జిల్లా మ్యూజియం పని వేరు, ఊరి మ్యూజియం పని వేరు.

పైగా మన సంగతి ఇంకొంచెం చిక్కు. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు వేలూరు, గుడియాత్తం ఉత్తర ఆర్కాటులోనే ఉండిపోయాయి. 1960 ఏప్రిల్‌లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. గీత అటూ ఇటూ జరిగినా బంధుత్వాలు జరగలేదు. పరదరామి దాటితే చిత్తూరు, పేర్ణాంబట్టు దాటితే వి.కోట. ఆడపిల్లను ఇచ్చేది అక్కడికే, తెచ్చుకునేది అక్కణ్ణుంచే. కానీ పిల్లల చదువు మాత్రం గీత ఇవతలే. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది, ఏడాదికొక తరగతి చొప్పున 2015–16కు పదో తరగతి దాకా వచ్చింది. మైనారిటీ భాషల పిల్లలకు కోర్టుల ద్వారా పరీక్షలో మినహాయింపులు దొరికాయి. తమిళం నేర్చుకోవడం నాకు కష్టం అనిపించలేదు, నా కూడు సగం ఆ భాష పెట్టిందే. అయితే తాత రాసిపెట్టిన కాగితాన్ని మనవడు చదవలేని ఇళ్ళు మన ఊళ్ళల్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే భయమేస్తుంది.

కాగితాల మాట ఊరికే అనడం లేదు. తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో కరణాల ఉద్యోగాలు రద్దయ్యాయి. ఆఫీసుకు అప్పజెప్పాల్సినవి అప్పజెప్పారు. ఇళ్ళల్లో మిగిలినవి మిగిలాయి. కవిలె కట్టలు, కుదువ పత్రాలు, భాగపరిష్కారం రాతలు, పెళ్ళి ఖర్చుల చిట్టాలు, ఏ బావికి ఎవరు ఎన్ని జాములు నీళ్ళు పారించుకోవాలో రాసుకున్న ఒప్పందాలు. రెండు వందల ఏళ్ళ కిందట కర్నల్ మెకంజీ మన వైపు ఊళ్ళ కైఫీయతులు రాయించినప్పుడు ఆ పనిలో కుడిభుజాలుగా ఉన్నది కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే తెలుగు అన్నదమ్ములు. ఆ సేకరణలో ఒక భాగం ఈనాటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉంది. ఎందుకుందంటే వాళ్ళు రాసి, పట్టీ కట్టి, ఒక సంస్థ చేతిలో పెట్టారు. మా అయివారు ఏదీ రాయలేదు, అంతా నోటితోనే చెప్పేవారు. ఆయన ఉన్నంతసేపూ ఆ కొట్టం మ్యూజియమే. ఆయన పోయిన రోజు నుంచి అది పాత సామాన్ల కొట్టు.

అందుకని కుర్రాళ్ళకు నేను చెప్పింది ఒకటే. షెడ్డు ఆపండి. ముందు ఒక పొడుగాటి రిజిస్టరు కొనండి.

ప్రతి వస్తువుకూ ఒక నంబరు. ఏమిటది, ఎవరింట్లోది, ఎవరు వాడారు, ఎట్లా వాడారు, ఎక్కడ కొన్నారు, ఎప్పుడు వాడటం మానేశారు. దాని ఫోటో. ముఖ్యంగా ఒక గడి: ‘ఇచ్చేశాం’ అని రాసి సంతకం పెట్టారా, ‘చూపించేదానికి ఇన్నేళ్ళకు ఇచ్చాం’ అని పెట్టారా. ఈ రెండింటికీ తేడా తెలియకనే ఆ చెంబు రెండిళ్ళ మధ్య గొడవ పెట్టింది. రిజిస్టరు తెలుగులోనూ తమిళంలోనూ ఉండాలి. రెండు కాపీలు, ఒకటి ఊళ్ళో, ఒకటి ఇంకో చోట. వస్తువు గురించి చెప్పాల్సింది దాన్ని వాడిన మనిషి. ఇంటి యజమానిని అడిగి రాసుకుంటే, ఇసుర్రాయి గురించి ‘పిండి విసురుతారు’ అనే మూడో మాట ఉండదు. ఆ ఇంటి ముసలమ్మను అడగండి. ఏ రాయితో రాగులు, ఏ రాయితో పప్పు, రాయికి గాట్లు పెట్టేవాళ్ళు ఎన్నాళ్ళకొకసారి వచ్చేవాళ్ళో గంటసేపు చెబుతుంది.

ఈ పనికి గది అక్కర్లేదు. వస్తువులు ఎవరిళ్ళల్లో అవి ఉండనీయండి. ఏడాది తిరిగేసరికి రిజిస్టరులో రెండొందల వస్తువులు ఎక్కితే, ఊళ్ళో మ్యూజియం అప్పటికే ఉన్నట్టు లెక్క. ఉగాదికి ఒక రోజు స్కూల్లో అన్నీ తెచ్చిపెట్టి చూపించి, సాయంత్రం ఎవరివి వాళ్ళకు ఇచ్చేయొచ్చు. నలుగురిలో ఒకడు ‘అప్పుడు మా పేరు ఏడ ఉంటుందన్నా?’ అని అడిగాడు. దాపరికం లేని పిల్లోడు. రిజిస్టరు మొదటి పేజీలో ఉంటుందన్నాను. అంత సంతోషపడలేదు.

తొందరపడని వాళ్ళు ఏం సాధించారో దూరం పోకుండానే చూడొచ్చు. చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది. నల్గొండ చేనేత ఇల్లు కూడా అక్కడ నిలబెట్టారు. దాని వెనకున్న ఫౌండేషన్ పుట్టింది 1984లో, జనానికి తలుపులు తెరిచింది 1996లో. మధ్యలో పన్నెండేళ్ళు. బెంగళూరు–మైసూరు రోడ్డులో రామనగరం దగ్గర జానపద లోక ఉంది. హెచ్.ఎల్. నాగేగౌడ గారు ముందు 1979లో పరిషత్తు పెట్టారు, జానపద లోక 1994లో వచ్చింది. ఆయన 2005లో పోయారు. అది ఉంది. పూణేలో కేల్కర్ గారు ఒంటిచేత్తో దీపాలు, వంటింటి సామాన్లు, తలుపులు వేల లెక్కన పోగుచేసి, తను బతికుండగానే 1975లో ఆ సేకరణను మహారాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించారు. మన తెలుగు పల్లెటూళ్ళో చూడాలంటే వేటపాలెం సారస్వత నికేతనం. మ్యూజియం కాదు, గ్రంథాలయం. 1918లో మొదలైంది, 1929లో గాంధీ గారు భవనానికి శంకుస్థాపన చేశారు. వందేళ్ళ నాటి పత్రికలు కావాలంటే ఈరోజుకూ ఆ ఊరికి పోయేవాళ్ళున్నారు. మొదలుపెట్టినవాళ్ళలో ఎవరూ ఇప్పుడు లేరు. తాళంచెవి మాత్రం చేతులు మారుతూ వస్తోంది.

తాళంచెవి అన్నాను కాబట్టి చట్టం సంగతి. కొట్టం ఒకరి సొంతం, సామాన్లు పదిమందివి, పేరు ఊరిది. ఈ కలగాపులగం కూడదు. తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 1975 ప్రకారం సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి. మీరు నలుగురే ఉన్నారు. మిగతా ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలని, ఒకరైనా తెలుగిల్లు కాని వాళ్ళు ఉండాలని నా మాట. ఊళ్ళో సగం మందికి సంబంధం లేని మ్యూజియం పది కాలాలు నిలవదు. మగ్గానికి కులం ఉందేమో గానీ బావికి, పడికి భాష లేదు. ట్రస్టు పెట్టుకున్నా సరే. ఏది పెట్టినా నిబంధనల్లో ఒక మాట మొదటి రోజే రాయించండి. ఇది నడపలేక మూసేస్తే వస్తువులు ఎక్కడికి పోవాలి? ఇచ్చినవాళ్ళకు తిరిగి పోతాయా, స్కూలుకా, వేలూరు మ్యూజియానికా, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికా? శుభమా అని తెరుస్తుంటే మూసే మాటేంటని ముఖం చిట్లించారు. ఇల్లు కట్టేటప్పుడు వెనక వాకిలి పెట్టడం లేదా మనం? ఆ ఒక్క వాక్యం రాసుంటే మా అయివారి పెట్టె ఇవాళ ఏ బీరువాలోనో ఉండేది.

ఇంకొన్ని జాగ్రత్తలు. చేలో దున్నుతుంటే దొరికిన కుండ, నాణెం తెచ్చి బల్ల మీద పెట్టేస్తే సరిపోదు. భూమిలో దాగి ఉండి దొరికిన పది రూపాయల పైబడి విలువ చేసే వస్తువును కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతోంది. వందేళ్ళు దాటిన విగ్రహాలు, శిల్పాలు లాంటివి ఉంచుకోవాలంటే 1972 పురావస్తువుల చట్టం కింద రిజిస్టరు చేయించాలి. ఊరి పొలిమేర్లో నిలబడిన వీరగల్లును లారీలో వేసుకొచ్చి మ్యూజియం వాకిట్లో పాతొద్దు. దాని చోటే దాని కథ. అక్కడే ఉంచి, ఫోటో తీసి, రిజిస్టరులో రాస్తే చాలు. రంగు మాత్రం పూయనీయకండి. పాత కాగితాలకు సెల్లోటేపు అంటించడం, లామినేషన్ చేయించడం మంచి చేస్తున్నామనుకుని చేసే హాని. చేతిరాత ప్రతుల కోసం కేంద్రం 2003లో ఒక జాతీయ మిషన్ పెట్టింది, 2025లో జ్ఞాన భారతం పేరుతో దాన్ని మళ్ళీ మొదలుపెట్టింది. తాటాకులు కనబడితే నూనె రాసే ముందు అట్లాంటి చోట తెలిసినవాళ్ళను అడగండి.

డబ్బు. కేంద్ర సాంస్కృతిక శాఖ మ్యూజియం గ్రాంటు పథకం ఒకటి ఉంది, రిజిస్టరైన సొసైటీలు, ట్రస్టులు కూడా అడగొచ్చు. అయితే అది కట్టడానికి, బాగుచేయడానికి ఇచ్చే డబ్బు. ఊడ్చే మనిషి జీతం, చెదల మందు, బల్బు మనమే చూసుకోవాలి. నెలకు రెండు వేలు అనుకుందాం. ఏడాదికి 24 వేలు. ఆరు శాతం వడ్డీ లెక్కన అది రావాలంటే బ్యాంకులో 4 లక్షలు కదలకుండా ఉండాలి. ఓపెనింగు రోజు భోజనాలకు, ఫ్లెక్సీలకు వాళ్ళు వేసుకున్న ఖర్చును ఈ డిపాజిట్టులో మొదటి విడతగా వెయ్యమన్నాను. గాజు బీరువా ఇస్తానన్న దాతను కూడా డిపాజిట్టుకే ఇవ్వమనండి అన్నాను. కష్టమే. బీరువా మీద పేరు రాయించుకోవచ్చు, వడ్డీ మీద ఎట్లా రాయించుకుంటారు?

తెరిచే వేళలు కూడా చేతనైనంతే రాయాలి. ‘ప్రతిరోజూ ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు’ అని బోర్డు రాసి, మూడో నెలలో తాళం వేసిన మ్యూజియాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు మళ్ళీ రాడు. నెలకొక ఆదివారం, అది తప్పకుండా. మిగతా రోజుల్లో స్కూలు పిల్లలు వస్తామంటే ఫోను చేసి రావాలి.

అన్నీ చేర్చుకోవాలనే ఆశ ఇంకొక తెగులు. మడక, రోలు, ఇత్తడి చెంబు లేని ఊరు లేదు. కారైక్కుడిలో పాత సామాన్ల అంగళ్ళకు పోతే ఇంతకన్నా ఎక్కువ కనబడతాయి, డబ్బిస్తే దొరుకుతాయి. దొరకనిది వాటి వెనక మాట. మన చుట్టుపక్కల మాత్రమే చెప్పగలిగింది ఒకటో రెండో ఎంచుకోవాలి. నన్నడిగితే గుడియాత్తం మగ్గం, మన ఇళ్ళల్లో తెలుగు కాగితాలు. మగ్గం ఎందుకంటే దాని మీద కూర్చున్నవాళ్ళు ఇంకా ఉన్నారు, నాడె ఎట్లా విసరాలో చేసి చూపిస్తారు. కాగితాలు ఎందుకంటే వాటిని చదవగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు, పైగా ఫోనులో ఫోటో తీసుకోవడానికి పైసా ఖర్చు లేదు. కపిల, ఏతాం సంగతి పక్క ఊరివాళ్ళు చూసుకోనీ. ఒకరి దగ్గర ఏముందో ఇంకొకరికి తెలిస్తే చాలు.

ప్రపంచ మ్యూజియంల మండలి 2022లో ప్రాగ్‌లో మ్యూజియానికి కొత్త నిర్వచనం రాసుకుంది. లాభం కోసం కానిది, జనంతో కలిసి నడిచేది అంటూ చాలా ఉంది అందులో. నాకు పట్టుకున్నది ‘శాశ్వత సంస్థ’ అనే మాట. రేకుల షెడ్డుకు ఆ మాట వర్తిస్తుందా అని కుర్రాళ్ళు నవ్వారు. రేకులు పదేళ్ళుంటాయి, రిజిస్టరు జాగ్రత్తగా పెడితే వందేళ్ళుంటుంది, ఏది శాశ్వతమో మీరే చూసుకోండి అన్నాను.

ఓపెనింగు వాయిదా వేశారు. ఎమ్మెల్యే గారికి ఎట్లా చెప్పారో తెలియదు. వచ్చే ఆదివారం లత్తేరిలో కూర్చుని రిజిస్టరు మొదలుపెడదామని మాట. ఊరికే సలహాలిచ్చి తప్పించుకుంటే బాగుండదని, మొదటి నంబరు మా ఇంటి వస్తువే వేయిస్తానని చెప్పాను. మా జేజి కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న ఇత్తడి బిందె. ఇంటికొచ్చి మా నాయన్ను అడిగాను. ఆయన ‘అది మా అమ్మ నాకిచ్చింది’ అన్నాడు. చిన్నాయనకు ఫోను చేశాను. ఆయనా అదే మాటన్నాడు.